గ్లాసు అడుగున ఎర్రచుక్క: విశాఖపట్నం అపార్ట్‌మెంట్‌లో అంటరానితనంపై ఒక కేస్ స్టడీ

2023 మే నెలలో మొదలై 2025లో తీర్పు వచ్చిన ఈ కేసులో నేను బాధితురాలి న్యాయవాదిగా ప్రాసిక్యూషన్‌కు సహకరించాను. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ద్వారా వచ్చిన 15ఎ సెక్షన్, బాధితులు న్యాయవాది సహాయం తీసుకోవడాన్ని వారి హక్కుగా గుర్తించింది. మనుషులను, భవనాన్ని పోల్చుకోవడానికి వీలిచ్చే ఆనవాళ్లన్నీ మార్చాను. అంటరానితనం అనగానే పల్లెటూరి బావి, గుడి గుమ్మం, హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి గుర్తుకు వస్తాయి. లిఫ్టు, సీసీ కెమెరా, వాట్సాప్ గ్రూపు ఉన్న భవనంలో అదే ఆచారం వేరే పేరుతో బతుకుతున్నప్పుడు దానిని కోర్టులో ఎలా రుజువు చేయాలో నాకు ఈ కేసు నేర్పింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఫిర్యాదికి నలభై ఏళ్లు ఉంటాయి. రెల్లి కులస్థురాలు. వాళ్ల అమ్మమ్మ, అమ్మ పాత నగరంలో పారిశుధ్యపు పని చేశారు. ఈమె ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో తొమ్మిదేళ్లుగా మెట్లు, వరండాలు, సెల్లారు ఊడ్చి కడుగుతూ, ప్రతి ఫ్లాటు గుమ్మం ముందు నుంచి చెత్త తీసి పొద్దున్నే వచ్చే నగరపాలక సంస్థ (జీవీఎంసీ) బండికి అందిస్తూ ఉండేది. సెల్లారులో ఒక వాటర్ కూలర్, దాని పక్కన గోడకు బిగించిన అరమీద ఆరు స్టీలు గ్లాసులు ఉండేవి. వాచ్‌మన్, కార్ల డ్రైవర్లు, సరుకులు తెచ్చే కుర్రాళ్లు ఆ గ్లాసులతోనే నీళ్లు తాగేవారు. ఈమెకు మాత్రం జనరేటర్ గది వెనక మేకుకు తగిలించిన వేరే గ్లాసు ఉండేది. పొరపాటున మిగతావాటిలో కలిసిపోకుండా దాని అడుగున నెయిల్ పాలిష్‌తో ఎర్రచుక్క పెట్టారు. తన గ్లాసు తెచ్చుకుని, కూలర్ కుళాయిని తాను ముట్టుకోకుండా, వాచ్‌మన్ చేత నీళ్లు పట్టించుకుని తాగడం ఆమెకు అలవాటైపోయింది.

ఆ రోజు ఎండకు సొమ్మసిల్లేలా ఉందని, మేకు మీద గ్లాసు కనిపించలేదని, అరమీది గ్లాసు తీసుకుని స్వయంగా కుళాయి తిప్పి తాగింది. కారు దిగుతున్న అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి చూశాడు. కేకలు వేసి, ఆ గ్లాసును ఆమె చేతనే చెత్తబుట్టలో వేయించాడు. ఆమె ఎదురు మాట్లాడితే గేటు దాకా తరుముతూ కులం పేరుతో తిట్టాడు. మధ్యాహ్నం చెత్తబుట్ట ఖాళీ చేయవలసింది కూడా ఆమే కనుక, ఆ గ్లాసును అందులోంచి తీసి, తోమి, తన సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లింది. సాక్ష్యంగా పనికొస్తుందన్న ఆలోచన ఆమెకు లేదు, మంచి గ్లాసు పారేయడానికి మనసొప్పలేదంతే.

మొదట వెళ్లిన చోట పోలీసులు దీనిని పనిమనిషికీ యజమానికీ మధ్య చిన్న తగాదాగా తీసుకున్నారు. ఈ చట్టం కింద ఎఫ్‌ఐఆర్ నమోదుకు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని 2018లో వచ్చిన 18ఎ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నా, కేసు నమోదు కావడానికి పదకొండు రోజులు, పైఅధికారులకు రెండు అర్జీలు పట్టింది. నిబంధనల ప్రకారం డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. ఇక్కడ ఆ స్థాయి అధికారే అయిన ఏసీపీ చేశారు. ఆ దర్యాప్తు శ్రద్ధగానే జరిగింది.

నేను చేసిన పొరపాటు ఇక్కడ చెప్పాలి. మొదటి నెలంతా నా దృష్టి గేటు దగ్గరి తిట్టు మీదే ఉంది. ఆ చట్టంలోని 3(1)(ఆర్), 3(1)(ఎస్) క్లాజుల కింద, పదిమంది కంటపడే చోట కులం పేరుతో దూషించడం, అవమానించడం ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్షకు తగిన నేరాలు. నాలుగు గోడల మధ్య జరిగినది ఈ క్లాజుల కిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది కానీ, ఇంటి గేటు ముందు, నలుగురు చూడగలిగిన చోట జరిగినది వస్తుందని 2008లోనే చెప్పి ఉంది. మాది గేటు దగ్గర జరిగిన సంఘటన కాబట్టి కేసు గట్టిదే అనుకున్నాను. ఆమె మూడోసారి ఆఫీసుకు వచ్చినప్పుడు, ఇద్దరు డ్రైవర్లు అప్పటికే మాట మార్చారని చెబుతుంటే, ఆమె తిట్టు గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా సంచిలోంచి గ్లాసు తీసి నా బల్ల మీద పెట్టింది.

“వినాయక చవితికి పందిరి కింద నేలంతా నానే కడిగినాను లాయరుబాబూ. నాను కడిగిన చోటే ఆల్లు దేవుణ్ణి ఎట్టుకున్నారు. నాను తాగిన గలాసు మాత్రం కడిగినా పనికిరాదంట. ఇదేటి?”

ఆ ప్రశ్న విన్నాక కేసును మళ్లీ మొదటి నుంచి కట్టాను.

నోటీసుకు సంఘం ఇచ్చిన రాతపూర్వక జవాబులో రెండు వాదాలు ఉన్నాయి. ఇది కోవిడ్ కాలంలో శుభ్రత కోసం పెట్టుకున్న నియమమని మొదటిది. ఈ భవనంలో పెద్దవాళ్లు మడి పాటిస్తారని, మడిలో ఉన్న నాయనమ్మను సొంత మనవలు కూడా ముట్టుకోరని, కనుక ముట్టుకోకపోవడం మా పెద్దల ఆచారమే తప్ప కులవివక్ష కాదని రెండోది. మొదటిదాని కన్నా రెండోదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. మన తెలుగు ఇళ్లలో పుట్టి పెరిగిన ఎవరికైనా అది పైకి సబబుగానే వినిపిస్తుంది. ముట్టుకోకూడని సందర్భాలు మన ఇళ్లలో నిజంగానే చాలా ఉన్నాయి.

మాటల దగ్గర మొదలుపెడదాం. ‘అంటు’ అంటే తాకడం, తగులుకోవడం. మామిడికి అంటు కడతాం, వ్యాధి అంటుకుంటుంది, తిన్న గిన్నెలు అంట్లవుతాయి. ఆ అంట్లను బూడిదతోనో సబ్బుతోనో తోమితే మళ్లీ వంటకు పనికొస్తాయి. పురిటిమైల పదో పదకొండో రోజున తీరుతుంది. చావుమైల కర్మకాండతో తీరుతుంది. బయట ఉన్న ఆడమనిషి నాలుగో రోజు తలస్నానంతో ఇంట్లో కలుస్తుంది. మడి చెడితే తడిగుడ్డతో మళ్లీ మడి కట్టుకుంటారు. ఈ ఆచారాలు ఆడవాళ్లను పెట్టిన బాధ తక్కువదేమీ కాదు, వాటిని నేను వెనకేసుకు రావడం లేదు. అయితే ఇవన్నీ ఒక సందర్భంతో వస్తాయి, ఒక గడువుతో పోతాయి, ఏ కులపు ఇంటికైనా వస్తాయి. అంటరానివారని ముద్రపడ్డ మనిషికి సందర్భం పుట్టుకే. గడువు లేదు. స్నానం చేయవలసింది, శుద్ధి కావలసింది ఎప్పుడూ తాకిన అవతలి మనిషే గాని, ఈ మనిషిని శుద్ధి చేసే నీళ్లు లేవు.

ఈ తేడా ధర్మశాస్త్రంలోనే స్పష్టంగా ఉంది. మనుస్మృతి అయిదో అధ్యాయంలోని ఒక శ్లోకం చండాలుణ్ణి, రజస్వలను, పతితుణ్ణి, బాలింతను, శవాన్ని ఒకే వరుసలో చెప్పి, వీరిని తాకినవాడు స్నానంతో శుద్ధుడవుతాడని అంటుంది. ప్రతివాదుల వాదానికి ఈ శ్లోకమే ఊపిరి అని చెప్పవచ్చు, ఎందుకంటే అక్కడ అందరూ ఒక్కటిగానే కనిపిస్తారు. కానీ అదే గ్రంథం పదో అధ్యాయంలో చండాలుల, శ్వపచుల నివాసం ఊరి బయటే ఉండాలని, వారు ‘అపపాత్రులు’ కావాలని, పగిలిన కుండల్లో తినాలని, శవాల మీది బట్టలు కట్టాలని చెబుతుంది. రజస్వలకు, బాలింతకు ఆ గ్రంథం ఊరి బయట ఇల్లు విధించలేదు. అపపాత్రులంటే, వారు తిన్న పాత్ర శుద్ధి చేసినా ఇతరులకు పనికిరాదని వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. ఆ వ్యాఖ్యానం చదువుతున్నప్పుడు నా బల్ల మీద తోమిన స్టీలు గ్లాసు ఉంది. కార్యదర్శికి ఆ శ్లోకం తెలిసి ఉంటుందని నేను అనుకోను. తెలియనవసరం కూడా లేదు. ఆచారం పుస్తకం చదివి రాదు, చెయ్యి చూసి చెయ్యి నేర్చుకుంటుంది.

నాలుగు వర్ణాలే గాని అయిదోది లేదని మనుస్మృతే అంటుంది. అయినా ఆ నాలుగింటి బయట నిలబెట్టిన వారిని మన ప్రాంతంలో పంచములన్నారు. ఆ పేరును వద్దనుకున్నవారు 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో తమను ఆది ఆంధ్రులని పిలుచుకున్నారు. విశాఖపట్నం అప్పటికి మద్రాసు రాష్ట్రంలో భాగం. బావులు, రోడ్లు, వాహనాల వాడకంలో అడ్డంకులు తొలగించడానికి ఆ రాష్ట్రం 1938లోనే చట్టం చేసింది, 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లకు అమలులోకి వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి, ఏ రూపంలోనైనా దాని ఆచరణను నిషేధించింది.

రాజ్యాంగం ఆ మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టింది, నిర్వచనం మాత్రం ఇవ్వలేదు. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో ఈ అధికరణం చర్చకు వచ్చినప్పుడు, నజీరుద్దీన్ అహ్మద్ ఈ మాటకు చట్టపరమైన అర్థం లేదని, అంటువ్యాధి సోకినవారికి కూడా అది వర్తించే ప్రమాదం ఉందని అభ్యంతరపెట్టారు. కె.టి. షా అయితే కొన్ని రోజుల్లో ఆడవారిని, అంత్యక్రియల తర్వాత బంధువులను ముట్టుకోరు కదా, అదీ నేరమవుతుందా అని అడిగారు. డెబ్బై ఐదేళ్ల తర్వాత మా కేసులో సంఘం ఇచ్చిన రెండు జవాబులు, ఒకటి వ్యాధి, ఒకటి మడి, అక్షరాలా ఆ రెండు అభ్యంతరాలే. వాటికి సమాధానం 1950ల చివర్లోనే మైసూరు హైకోర్టు ఇచ్చింది. కొటేషన్ గుర్తులే ఆధారంగా, ఇక్కడ ఉద్దేశించినది ముట్టుకోకపోవడమనే వ్యాకరణార్థం కాదని, ఈ దేశ చరిత్రలో పుట్టుకను బట్టి కొన్ని కులాల మీద రుద్దిన ఆచారమని తేల్చింది. 1992లో కర్ణాటకలోని ఒక బోరుబావి కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కె. రామస్వామి అంటరానితనాన్ని పరోక్ష బానిసత్వమని, కులవ్యవస్థకు కొనసాగింపని అన్నారు. 2018 శబరిమల తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ శుద్ధి, మైల పేరుతో జరిగే వెలి అంతటినీ, రజస్వలల వెలితో సహా, ఈ అధికరణం కిందికి తెచ్చారు. జస్టిస్ ఇందు మల్హోత్రా భిన్నాభిప్రాయంలో దానిని కులానికే పరిమితం చేశారు. ఆడవారి విషయంలో నా మనసు మొదటి తీర్పు వైపే ఉన్నా, ఈ కేసులో నాకు పనికివచ్చింది ఇరుకైన అర్థమే. మాటను మరీ విశాలం చేస్తే, మా నాయనమ్మ మడి కూడా అదే కదా అన్న వాదం తలుపు తీసుకుని లోపలికి వస్తుంది.

అర్థం తేలాక రుజువు. ఇది కోవిడ్ నియమమైతే కోవిడ్‌తో పోవాలి, పనిని బట్టి పెట్టిన నియమమైతే ఆ పని చేసే అందరికీ వర్తించాలి. ఈ రెండు ప్రశ్నలతోనే దర్యాప్తు అధికారి సంఘం సమావేశాల పుస్తకాన్ని స్వాధీనం చేసుకోవాలని కోరాము. 2020 జూన్‌లో బయటివారందరికీ వేరే గ్లాసులని తీర్మానం ఉంది. 2022 మార్చిలో డ్రైవర్లకు, వాచ్‌మన్లకు, డెలివరీ వారికి ఆ నియమం ఎత్తేసినట్లు మరో తీర్మానం ఉంది. ఊడ్చే మనిషి ఊసు అందులో లేదు. రోగం భయం అందరికీ ఒక్క రోజునే పోయింది, ఆమె విషయంలో మాత్రం మిగిలింది.

రెండో ప్రశ్నకు జవాబు డ్రైనేజీ పనికి వచ్చే మేస్త్రి ఇచ్చాడు. అతను వేరే కులం. మూత తీసి మురుగు గుంటలోకి దిగి, చేతులు కడుక్కుని, అరమీది గ్లాసుతోనే నీళ్లు తాగుతానని, ఎవరూ ఎప్పుడూ ఒక్క మాట అనలేదని కోర్టులో చెప్పాడు. నాకు తెలిసి ఈ కేసులో అంతకన్నా బలమైన సాక్ష్యం లేదు. మురికి పని చేసినవాడు కడుక్కుంటే సరిపోయింది, మెట్లు ఊడ్చిన మనిషి కడుక్కున్నా సరిపోలేదు.

చట్టం ఎంపికలో ఒక చిక్కు ఉంది. పౌరహక్కుల పరిరక్షణ చట్టం, అంటే 1955లో అంటరానితనం నేరాల చట్టంగా వచ్చి 1976లో పేరు మార్చుకున్న చట్టం, 4వ సెక్షన్‌లో గ్లాసుల వంటి పాత్రల గురించి చెప్పేది హోటళ్లు, సత్రాల వంటి చోట్ల మాత్రమే. అపార్ట్‌మెంట్ వాటిలో లేదు. అందుకని మేము గ్లాసును వదిలి కుళాయిని పట్టుకున్నాము. ప్రజల్లో ఏ ఒక్క వర్గానికైనా అందుబాటులో ఉన్న కుళాయి వాడకంలో అడ్డంకి పెట్టడం అదే సెక్షన్ కింద నేరం. సెల్లారు కుళాయి దగ్గర దారిన వచ్చిన డెలివరీ కుర్రాడు కూడా నీళ్లు తాగుతాడు. ఇది మా ప్రైవేటు స్థలమన్న వాదానికి, 17వ అధికరణం ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అమలవుతుందని 1982లో సుప్రీంకోర్టు ఆసియా క్రీడల కార్మికుల కేసులో చెప్పిన మాటే జవాబు. ఇక 12వ సెక్షన్ ప్రకారం, బాధితులు షెడ్యూల్డు కులస్థులైతే ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి, కాదని రుజువు చేయవలసింది ముద్దాయి. సంఘం జవాబులోని “మా పెద్దల ఆచారం” అన్న మాట ఆ భావనను ఇంకా గట్టిపరచింది. సంప్రదాయం పేరుతోనో మతం పేరుతోనో అంటరానితనాన్ని సమర్థించడాన్ని ఈ చట్టం 7వ సెక్షన్ వివరణలో దాని ఆచరణను ప్రోత్సహించడంగానే లెక్కిస్తుంది.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆమెను రెండున్నర గంటలు నిలబెట్టారు. ఇంట్లో సిలువ ఉందా, ఆదివారం ఎక్కడికి వెళతావు అని అడిగారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే షెడ్యూల్డు కులం హోదా ఉంటుంది గనుక ఆ ప్రశ్నల ఉద్దేశం తెలిసిందే. ఏటా కొత్తమావాస్యకు అనకాపల్లి నూకాలమ్మ గుడికి, చందనోత్సవానికి సింహాచలం వెళతానని చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతు మొదటిసారి వణికింది. హిందువు కాదేమోనని అనుమానించేదీ, హిందువై పుట్టినందుకే గ్లాసు వేరు చేసినదీ ఒకే పక్షం.

విచారణ రోజున రెండు గ్లాసులను బల్ల మీద పక్కపక్కన పెట్టారు. చెత్తబుట్టలోంచి ఆమె తీసినది ఎం.ఓ. 1 (కోర్టు భాషలో మెటీరియల్ ఆబ్జెక్ట్, అంటే సాక్ష్యంగా పెట్టిన వస్తువు), జనరేటర్ గది వెనక పంచనామాలో దొరికిన చుక్క గ్లాసు ఎం.ఓ. 2. ఒకే కంపెనీవి, ఒకే కొలత, ఒకేసారి కొన్నవి. పైనుంచి చూస్తే ఏది ఏదో చెప్పలేము. న్యాయమూర్తి రెండింటినీ చేత్తో తీసుకుని తలకిందులు చేసి, చుక్క చూసి, మళ్లీ బోర్లించి పెట్టారు.

తీర్పులో గేటు దగ్గరి దూషణ నిలవలేదు. సాక్షుల మాటలు కలవలేదని సంశయ లబ్ధి ఇచ్చారు. కుళాయిని వాడకుండా అడ్డుకున్నారన్న అత్యాచారాల చట్టపు 3(1)(జెడ్ఎ) క్లాజు కూడా నిలవలేదు, నీళ్లు పూర్తిగా నిరాకరించలేదు గనుక. పౌరహక్కుల చట్టం 4వ సెక్షన్ కింద మాత్రం నేరం రుజువైంది. అంటరానితనం కారణంగా చూపే ఏ తేడా అయినా అడ్డంకి పెట్టడం కిందికే వస్తుందని ఆ సెక్షన్ వివరణ చెబుతుంది కాబట్టి, నీళ్లిచ్చినా వేరుగా ఇవ్వడమే నేరమని న్యాయస్థానం అన్నది. శిక్ష ఒక నెల జైలు, 500 రూపాయల జరిమానా. అంతకు మించిన జరిమానా వేయడానికి చట్టం ఒప్పుకోదు. 1955లో పెట్టిన ఆ అంకె ఇప్పటికీ అలాగే ఉంది, దానిని మార్చాలన్నది నా గట్టి అభిప్రాయం. పద్నాలుగేళ్లు దాటినవారికి ప్రొబేషన్ వర్తించదని అదే చట్టం చెబుతుంది గనుక మందలించి వదిలేయమన్న విన్నపం చెల్లలేదు.

ఇదే పని మళ్లీ చేయవలసివస్తే రెండు విషయాలు ముందే చూస్తాను. తిట్టు విన్నవారి కోసం వెతకడానికి ముందు, అదే పని చేసే వేరే కులపు మనిషిని ఎలా చూస్తున్నారో అడుగుతాను. సంఘం తీర్మానాల పుస్తకం చెరిగిపోకముందే దర్యాప్తులోకి వచ్చేలా చూస్తాను. మన రాష్ట్రంలో ప్రతి నెలా 30న సివిల్ రైట్స్ డే జరపాలన్న పద్ధతి ఉన్నా అది గ్రామాల చుట్టూనే తిరుగుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లారులోకి ఆ రోజున అధికారులు తొంగిచూడటం నేను ఇంతవరకు చూడలేదు. షెడ్యూల్డు కులాల మధ్యనే ఒకరినొకరు తక్కువగా చూసే సందర్భాలు కూడా నా దగ్గరికి వస్తాయి. అత్యాచారాల చట్టం అక్కడ వర్తించదు. పౌరహక్కుల చట్టానికి ముద్దాయి ఏ కులమన్న షరతు లేదు కనుక, ఆ పాత చట్టాన్ని పనికిరానిదిగా పక్కన పెట్టవద్దని జూనియర్లకు చెబుతుంటాను.

అప్పీలు హైకోర్టులో ఉంది. అది తేలేదాకా రెండు గ్లాసులూ చీటీలు కట్టి కోర్టు ప్రాపర్టీ గదిలో ఉంటాయి. ఆమె ఇప్పుడు మరో కాలనీలో పని చేస్తోంది. అక్కడ వేరే గ్లాసు ఎవరూ పెట్టలేదని చెప్పింది. అయినా ఇంటి నుంచి సీసాతో నీళ్లు తెచ్చుకుంటోంది.